ఉమ్రా నుంచి వచ్చాక ఇంట్లో ఐదు పూటల నమాజ్ నిలబెట్టుకోవడం

వాలేకుమస్సలాం చెల్లెమ్మా. ఉమ్రా (మక్కా యాత్ర) చేసి వచ్చిన కొద్ది రోజులకే ముందు ఫజర్ (సూర్యోదయానికి ముందు చదివే నమాజ్), తర్వాత అసర్ (సాయంత్రం నమాజ్) తప్పిపోతున్నాయని, అక్కడ వచ్చిన కన్నీళ్లు ఇక్కడ సజ్దాలో (నుదురు నేలకు ఆనించినప్పుడు) రావట్లేదని, అసలు ఉమ్రా ఖబూల్ అయిందో లేదో, అంటే అల్లాహ్ స్వీకరించాడో లేదోనని భయంగా ఉందని రాశారు. మాది విజయనగరం. ఇంట్లోనే బట్టలు కుడతాను. నేనూ ఉమ్రా చేసి వచ్చి, ఈ దశ దాటినదాన్నే కాబట్టి చెబుతున్నాను.

ఖబూల్ సంగతి అల్లాహ్‌కి వదిలేయండి. అది తేల్చడం మన పని కాదు. కన్నీళ్లు రాకపోతే నమాజ్ చెల్లదని కూడా ఎక్కడా లేదు. మక్కాలో అజాన్ (నమాజ్ పిలుపు) వినపడగానే వీధి వీధంతా హరమ్ (కాబా ఉన్న మసీదు) వైపు కదులుతుంది. మనకక్కడ వంట లేదు, పిల్లల స్కూలు లేదు. ఇక్కడ అవన్నీ మధ్యలో పెట్టుకుని నమాజ్‌కి లేవాలి. అందుకే అక్కడి అనుభూతి కోసం వెతుక్కోవడం ఆపి, ముందు టైము పట్టుకోండి.

టైము అంటే మన ఊరి టైము. మా చుట్టాల్లో చాలామంది హైదరాబాద్ నమాజ్ పట్టికే ఫోన్లో పెట్టుకుంటారు. విజయనగరం, శ్రీకాకుళం హైదరాబాద్‌కి బాగా తూర్పున ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందే వస్తాడు. జూన్‌లో 5:20 ప్రాంతానికే సూర్యోదయం. ఇంకా పావుగంట ఉందిలే అనుకునేలోపు ఇక్కడ ఫజర్ వెళ్లిపోతుంది. పైగా సౌదీ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ లేచిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇషా (రాత్రి నమాజ్) చదవగానే పడుకోండి. ఇషా తర్వాత కబుర్లు పెట్టుకోవడం ప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని బుఖారీ గ్రంథంలోని హదీసులో (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనంలో) ఉంది. సీరియల్, ఫోను ఆ లెక్కలోకే వస్తాయని నా అభిప్రాయం. ఫజర్ గెలిచేది అలారంతో కాదు, ముందు రాత్రితో.

నాకు అన్నిటికన్నా కష్టమైంది అసర్. పిల్లలు బడి నుంచి వచ్చేదీ అప్పుడే, జాకెట్ల కోసం ఆడవాళ్లు వచ్చేదీ అప్పుడే. దసరా వెళ్లి మా ఊరి పైడితల్లి అమ్మవారి జాతర సిరిమానోత్సవం దగ్గర పడితే ఇక చెప్పక్కర్లేదు, ఇల్లంతా బట్టల మూటలే. చివరికి నోరు తెరిచి చెప్పేశాను, "అమ్మా, నమాజ్ టైము, పది నిమిషాలు కూర్చోండి" అని. ఒక్కరూ ఏమీ అనలేదు. ఇప్పుడు వాళ్లే "నీ నమాజ్ అయిందా?" అని అడిగి మరీ కొలతలు ఇస్తున్నారు. మీరు ఆఫీసులో మొహమాటపడుతున్నానని రాశారు కదా, ఒక్కసారి చెప్పి చూడండి.

అలసిపోయిన రోజు ఐచ్ఛిక నమాజులైన నఫిల్‌లు చదవలేదని బాధపడకండి. ఐదు పూటలదీ కలిపినా ఫర్జ్ (తప్పనిసరి భాగం) 17 రకాతులే (నమాజ్‌లో ఒక్కో ఆవృత్తి ఒక రకాతు). ముందు అవి తప్పకూడదు. మేము హనఫీ సంప్రదాయం వాళ్లం కాబట్టి ఇషా తర్వాత చదివే విత్ర్ కూడా వదలం. సున్నత్‌లు (ప్రవక్త ఆచరణ ప్రకారం చదివేవి) వాటి వెంట నిలబెట్టుకుంటూ రండి. కొంచెమే అయినా ఆపకుండా చేసే పనే అల్లాహ్‌కి ఎక్కువ ఇష్టమని హదీసు. ఉమ్రా నుంచి వచ్చిన మొదటి వారమే రాత్రి నిద్రలేచి చదివే తహజ్జుద్‌తో సహా అన్నీ మొదలుపెట్టి, నెల తిరిగేసరికి ఫర్జ్ కూడా వదిలేసినవాళ్లను చూశాను, మనసుకి చాలా కష్టమనిపించింది.

ఇంకోటి, ఆడవాళ్లకే తెలిసేది. నెలసరి రోజుల్లో మనకి నమాజ్ లేదు, వాటికి ఖజా (తప్పినది తర్వాత చదవడం) కూడా లేదు. కానీ అలవాటు తెగేది సరిగ్గా అక్కడే. గుసుల్ (శుద్ధి స్నానం) చేశాక "రేపటి నుంచి" అనిపిస్తుంది. అందుకే ఆ రోజుల్లో కూడా అజాన్ వినగానే నేను జానమాజ్ (నమాజ్ చాప) వేసే మూలకి వెళ్లి కూర్చుని తస్బీహ్ (అల్లాహ్ స్మరణ) చదువుకుంటాను. నమాజ్ మళ్లీ మొదలయ్యేసరికి కాళ్లు వాటంతటవే అటు వెళ్తాయి.

ఫజర్‌కి మెలకువ రాకపోతే ఆ రోజంతా పోయిందని కూర్చోకండి. లేచిన వెంటనే చదవండి. సూర్యుడు అప్పుడే ఉదయిస్తుంటే మాత్రం ఓ ఇరవై నిమిషాలు ఆగి ఖజా చదవండి. జొహర్ (మధ్యాహ్నం నమాజ్) దాకా వాయిదా వేయొద్దు.