తాబేలు తినడం మానేస్తే ముందు దీపం చూడండి

ఈసారి ఉత్తరాల్లో కుక్కలూ పిల్లులూ తగ్గాయి, తాబేళ్లూ బల్లులూ కప్పలూ పెరిగాయి. అందరూ అడిగేది ఒకటే, "ఏం పెట్టాలండీ?" అని. నేను మాత్రం తిండి గిన్నె దగ్గర మొదలుపెట్టను, ఎండ దగ్గర మొదలుపెడతాను. ఎందుకో మొదటి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకి ఎక్వేరియం షాపులో రెండు తాబేలు పిల్లలు కొన్నాం. పది రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దగా ఉండేవి, కళ్ల వెనక ఎర్రటి చార. ఏడాదిన్నర అయింది. షాపులో ఇచ్చిన ఎండు రొయ్యలే వేస్తున్నాం. పది రోజులుగా ఒకటి ఏమీ తినట్లేదు, కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, డిప్ప నొక్కితే మెత్తగా ఉంది. షాపాయన చుక్కల మందు ఇచ్చాడు. ఇంకోటి బాగానే ఉంది. ఇవి మరీ పెద్దవైతే కృష్ణలో వదిలేయొచ్చా? (విజయవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: చుక్కల మందు పక్కన పెట్టండమ్మా. ముందు మీ తొట్టి ఎక్కడుందో చూసుకోండి. హాల్లో టీవీ పక్కన, ట్యూబ్‌లైటు కింద ఉండుంటుంది. చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది, జబ్బు కూడా అక్కడే మొదలవుతుంది.

మీవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు, వాటి పుట్టిల్లు అమెరికాలో మిసిసిపీ నది చుట్టుపక్కల. మన ఒంట్లో వేడి మనకే పుడుతుంది కాబట్టి తిన్నది అరుగుతుంది. తాబేలుకి ఆ వేడి బయట నుంచి రావాలి. అందుకే అది గంటల తరబడి రాయెక్కి కూర్చుంటుంది, బద్ధకమై కాదు. ఎండలో ఉండే యూవీబీ కిరణాలు ఒంటికి తగిలితేనే దానిలో డి3 విటమిన్ తయారవుతుంది, డి3 ఉంటేనే తిండిలోని కాల్షియం ఒంటబడుతుంది. అది లేకపోతే మీరు రొయ్యలు కాదు, ముత్యాల పొడి పోసినా లాభం లేదు. ఒళ్లు తన ఎముకల్లోంచీ డిప్పలోంచీ కాల్షియం లాక్కోవడం మొదలుపెడుతుంది, మీ వేలికి మెత్తగా తగిలింది అదే.

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. మొదటి తాబేలుని తెచ్చుకున్న కొత్తల్లో యూవీబీ బల్బు కొన్నాను, నీళ్లు పడి పగులుతుందని భయపడి గాజు మూత పైన పెట్టాను. నాలుగు నెలలకి డిప్ప అంచు నానిన అప్పడంలా పైకి వంగింది. సాధారణ గాజు యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుందని నాకు అప్పుడు చెప్పినవాళ్లు లేరు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండా అంతే, వేడి వస్తుంది కానీ పని జరగదు.

ఉబ్బిన కళ్ల సంగతికొస్తే, ఒట్టి ఎండు రొయ్యలతో పెరిగిన స్లైడర్లలో ఎక్కువగా ఎ విటమిన్ లోపం వల్ల ఇలా అవుతుంది. తాబేలు చూసి తింటుంది, కళ్లు తెరుచుకోకపోతే తిండి ఎదురుగా ఉన్నా తినదు. అలాగని విటమిన్ చుక్కలు కొనుక్కొచ్చి మీరే వేసేయకండి, ఎ విటమిన్ మోతాదు మించితే చర్మం ఊడొస్తుంది. డిప్ప మెత్తబడి పది రోజులు తినని దాన్ని పక్షులకీ తాబేళ్లకీ వైద్యం చేసే వెటర్నరీ డాక్టరుకి ఈ వారమే చూపించాలి. బాగున్న రెండోదాన్ని వేరే టబ్బులో ఉంచండి. దానికీ ఇదే తొట్టి, ఇదే తిండి కదా, దాని వంతు ఇంకా రాలేదంతే.

ఇంట్లో చేయాల్సినవి చెప్తాను. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీలు, ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకునే రాయి మీద 30 నుంచి 32. యూవీబీ బల్బు మధ్యలో గాజు లేకుండా, రోజుకి పది పన్నెండు గంటలు. బల్బు వెలుగుతూనే ఉంటుంది కానీ కొన్నాళ్లకి యూవీబీ తగ్గిపోతుంది, పెట్టె మీద రాసిన గడువు చూసి మార్చండి. లేదంటే పొద్దుటి ఎండ, పైసా ఖర్చు లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో కాసిని నీళ్లు పోసి, సగం టబ్బు మీద చెక్క కప్పి, ఏడు ఎనిమిది మధ్య పావుగంట. మీరు పక్కనే ఉండాలి, కాకులుంటాయి. గాజు తొట్టిని తొట్టిలాగే తెచ్చి ఎండలో పెట్టారో, విజయవాడ ఎండకి అది ఉడికిపోతుంది, అలా పోయినవి చాలానే చూశాను.

తిండికి స్లైడర్ల కోసం చేసిన గుళికలు, ఒక పూటకి దాని తలకాయంత. పెరిగేకొద్దీ మాంసం తగ్గించి ఆకు పెంచాలి. గుమ్మడి తురుము, క్యారెట్ తురుము, పశువులకి పెంచే అజొల్లా దొరికితే మరీ మంచిది. పాలకూర అప్పుడప్పుడు ఫరవాలేదు కానీ రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పక్షుల షాపుల్లో దొరికే కటిల్‌బోన్ ముక్క, అదే పచారీ కొట్లో సముద్రపు నురుగు, ఒకటి నీళ్లలో వేసి వదిలేస్తే అదే కొరుక్కుంటుంది. ఎండు రొయ్యలు పండక్కి పెట్టే అరిసెల్లాంటివి, రోజూ అన్నం బదులు పెడితే ఎలా? అన్నం, బ్రెడ్డు, పాలు మాత్రం వద్దే వద్దు.

కృష్ణలో వదలొద్దమ్మా. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జీవులు వంద అని ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో ఈ స్లైడర్ ఉంది. మన చెరువు తాబేళ్ల చోటూ తిండీ లాగేసుకుంటుంది. ఇది పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. అంటే మీ బాబు పెళ్లికి కూడా ఇంట్లోనే ఉంటుంది! డిప్ప అంగుళానికి 40 లీటర్ల నీళ్లు అని పెంచేవాళ్ల లెక్క. అంత చోటు లేదంటే ఇప్పుడే, చిన్నగా ఉండగానే, పెంచగలిగినవాళ్లని చూసుకోండి.

ఇంకొకటి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, తొట్టి నీళ్లు వంటింటి సింకులో పారబోయకూడదు. తాబేలు ఆరోగ్యంగా కనపడుతూనే సాల్మొనెల్లా అనే బాక్టీరియాని మోస్తుంది. పిల్లలు వీటివల్ల జబ్బు పడుతున్నారనే అమెరికాలో 1975లో 4 అంగుళాలకన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకం ఆపేశారు. మీరు కొన్న సైజు సరిగ్గా అదే.

ప్రశ్న: మా పొలం గట్టు మీద నక్షత్ర తాబేలు దొరికింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అందరూ అంటున్నారు, నీళ్ల తొట్టిలో వేశాం. ఏం పెట్టాలి? శ్రీకూర్మం గుళ్లో కూడా ఉన్నాయి కదా, తప్పు లేదు కదా? (అనంతపురం జిల్లా నుంచి)

జవాబు: ఈ పేజీ పక్కన పెట్టి ముందు దాన్ని నీళ్లలోంచి తీయండి. అది నేల తాబేలు, ఈదలేదు, లోతు నీళ్లలో మునిగి చస్తుంది. తాబేలు అనగానే నీళ్లలో పడేసి చంపేవాళ్లు ఎంతమందో.

ఇక పెంచడం మాటంటారా, కుదరదు. 1972 వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించాక నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్లోకి, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలోకి వెళ్లింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కేసు రుజువైతే కనీసం 3 ఏళ్ల జైలు, 7 దాకా పడొచ్చు, జరిమానా వేరే. మన చెరువుల్లో దొరికే తాబేలుకీ, ఉడుముకీ ఇదే వర్తిస్తుంది. శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి ఆవరణలో ఉన్నాయని మీ పెరట్లో ఉంచుకోవడానికి అనుమతి వచ్చినట్టు కాదండీ. దెబ్బ తగలకుండా ఉంటే దొరికిన గట్టు మీదే, అదే పొద కింద, సాయంత్రం చల్లబడ్డాక వదిలేయండి. దెబ్బ తగిలుంటే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లొచ్చేదాకా గాలాడే అట్టపెట్టెలో నీడన ఉంచండి. కలిసిరావడం సంగతి నాకు తెలీదు కానీ, ఎవరైనా ఫోటో తీసి స్టేటస్ పెడితే ఇంటికి ఎవరొస్తారో తెలుసు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా వాడు గొడవ చేసి లెపర్డ్ గెక్కో తెచ్చుకున్నాడు. మేం శాకాహారులం. డబ్బాలో బతికున్న కీచురాళ్లు తెచ్చి వేస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది, నాలుగు తప్పించుకుని రాత్రంతా సోఫా కింద అరిచాయి. దోసకాయ, క్యారెట్ పెడితే తినదా? పైగా వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు, మీద పడితే బల్లి శాస్త్రం తీసి కూర్చుంటారు!

జవాబు: అత్తగారి సంగతి ముందు తేల్చేద్దాం. మన గోడ బల్లి వేళ్లకుండే అతుక్కునే మెత్తలు ఈ గెక్కోకి లేవు, అది గోడే ఎక్కలేదు, ఇక మీద పడేదెక్కడ? దానికి కనురెప్పలు కూడా ఉంటాయి, గోడ బల్లికి ఉండవు. పక్కన కూర్చుని అది కళ్లు మూసి తెరవడం ఒకసారి చూపించండి, ఆవిడే ముచ్చటపడతారు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య దిక్కు రాళ్ల నేలల జీవి ఇది, టెక్సాస్‌లో మీలాగే వలసొచ్చింది.

దోసకాయ మాత్రం దానికి అరగదు. పురుగులు తప్ప ఇంకేం తినదు, ఇందులో బేరాల్లేవు. కానీ మీ క్యారెట్ వృథా పోదు. దాన్ని కీచురాళ్లకి పెట్టండి, ఒక రోజు ముందు నుంచి బాగా మేపి, ఆ తర్వాత గెక్కోకి వేయండి. ఆకలితో ఉన్న కీచురాయిలో పొట్టు తప్ప ఏముంటుంది? వేసేముందు కవర్లో కాస్త కాల్షియం పొడి పోసి, పురుగులు వేసి ఊపితే, అప్పడాలకి పిండి అద్దినట్టు పడుతుంది. పురుగు సైజు గెక్కో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్లదైతే రోజూ, పెద్దదైతే రోజు విడిచి రోజు. మిగిలిన కీచురాళ్లని లోపలే వదిలేయకండి, నిద్రపోయే గెక్కోని అవే కొరుకుతాయి. అరుపులు భరించలేకపోతే డూబియా అనే బొద్దింకలున్నాయి, అరవవు, నున్నటి డబ్బా గోడ ఎక్కలేవు. బొద్దింక అన్న మాటకి మీ మొహం ఎలా మారిందో ఊహించగలను, ఎంపిక మీదే.

దీనికీ వేడి కావాలి. ఒకవైపు నేల 88 నుంచి 92 ఫారెన్‌హీట్, ఇంకోవైపు చల్లగా, థర్మోస్టాట్ తప్పనిసరి. పొట్ట కిందనుంచి వేడి తగలకపోతే తిన్న పురుగు లోపలే కుళ్లుతుంది, వాంతి చేసుకుంటుంది. తోక లావుగా ఉందా లేదా చూస్తూ ఉండండి, దాని ఒంట్లో కొవ్వు దాచుకునేది అక్కడే. తోక సన్నబడుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యం, వేసవి సాయంత్రం మీ పెరట్లో మిణుగురులు ఎగురుతుంటే మీ వాడు పట్టుకొచ్చి ముద్దుగా గెక్కోకి వేస్తాడేమో, జాగ్రత్త. అక్కడి మిణుగురుల్లో ఉండే విషం బల్లి జాతికి ప్రాణాంతకం, ఒక్కటి చాలు. వాడికి ఇవాళే చెప్పండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో షాపులో గులాబీ రంగు ఆక్సొలాటిల్ చూశాను, నవ్వుతున్నట్టుంటుంది. అపార్ట్‌మెంట్‌లో పెంచొచ్చా?

జవాబు: ఏసీ ఇరవై నాలుగ్గంటలూ వేయగలరా, లేకపోతే నీళ్లు చల్లబరిచే చిల్లర్ కొనగలరా? ఇది నీళ్లలోనే బతికే సాలమాండర్, అంటే కప్పల చుట్టం. మెక్సికో నగరంలోని షోచిమిల్కో చల్లని కాలువల జీవి, దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్లుండాలి. 24 దాటితే తినడం మానేస్తుంది, మొప్పల మీద దూదిలా ఫంగస్ పడుతుంది. ఏప్రిల్లో మీ కుళాయి నీళ్లే ముప్ఫై ఉంటాయి. ఐసు సీసాలు వేస్తూ కూర్చునేవాళ్లున్నారు, వేడీ చలీ మాటిమాటికీ మారితే అదీ దెబ్బే. ఒకవేళ పెంచితే వానపాములు పెట్టండి, ఎరువు వేయని మట్టిలోవి, కింద గులకరాళ్లు వేయకండి, తిండితోపాటు మింగేస్తుంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం జాబితాలో ఇది ఉంది కాబట్టి 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. నన్నడిగితే వద్దు. ఆ నవ్వు సంతోషం కాదు, దాని నోరే అలా ఉంటుంది.

ప్రశ్న: మా ఇగువానాకి ఉడికించిన గుడ్డు, కుక్కల గుళికలు పెడుతున్నాను, బలం కదా? (విశాఖపట్నం)

జవాబు: బలం కాదు, కిడ్నీలు పోతాయి. అది ఆకుమేత బల్లి, ఈ రోజు నుంచే ఆపేయండి. మునగాకు, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, గుమ్మడి, మందు కొట్టనివి చూసి పెట్టండి. యూవీబీ గురించి పైన తాబేలుకి చెప్పిందంతా మళ్లీ చదవండి. నమోదు దీనికీ ఉంది. అయిదారు అడుగులు పెరుగుతుంది, గది ఖాళీ చేసి ఉంచండి.

ప్రశ్న: నేను వరంగల్లో స్కూల్ టీచర్ని. వానలకి గుంటలో చేరిన తోకకప్పల్ని పిల్లలు సీసాలో పట్టుకొచ్చారు. కప్పలయ్యేదాకా క్లాసులో ఉంచుదామంటున్నారు. ఎలా?

జవాబు: అన్నీ వద్దు టీచర్‌గారూ, అయిదారు ఉంచుకుని మిగతావి ఇవాళే ఆ గుంటలోనే పోయించండి. సీసా కాదు, వెడల్పాటి తొట్టి కావాలి. ఆ గుంట నీళ్లే మంచిది. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో నిలవుంచి పోయాలి. తోటకూర ఉడకబెట్టి చల్లార్చి, గోరంత ముక్క వేయండి, అది అయ్యాకే ఇంకోటి. మిగిలిన ఆకు కుళ్లితే తెల్లారేసరికి అన్నీ తేలిపోతాయి.

మొదట వెనక కాళ్లొస్తాయి, అప్పుడు పిల్లలు గంతులేస్తారు. ముందు కాళ్లు వచ్చినప్పుడు అవి తిండి మానేస్తాయి, అప్పుడు మీరు టెన్షన్ పడతారు. ఏం కాదు, కొన్నాళ్లపాటు తన తోకనే లోపలికి ఇంకించుకుని బతుకుతుంది. కానీ అప్పటికి ఊపిరి గాలిలోంచి తీసుకునే దశకి వచ్చేస్తుంది, కాబట్టి తొట్టిలో ఏటవాలు రాయి ఒకటి నీళ్ల పైకి తేలేలా పెట్టాలి, లేకపోతే ఎక్కడానికి చోటు లేక కప్పపిల్ల నీళ్లలోనే చచ్చిపోతుంది. శానిటైజరు రాసుకున్న చేత్తో ముట్టుకోనివ్వకండి, కప్ప తన చర్మంతోనే నీళ్లు తాగుతుంది, దాంతోపాటు మందూ లోపలికి పోతుంది. తోక పూర్తిగా పోగానే తెచ్చిన గుంట దగ్గరే వదలండి. ఇంకో చెరువులో వద్దు, ఒక చోటి చర్మపు ఫంగస్ ఇంకో చోటికి అలాగే పాకుతుంది. సాయంత్రం స్కూలు వదిలాక తీసుకెళ్తే మేలు, పగలు కొంగలుంటాయి.