సమాధానం: గాయపడ్డ యోధులకి ఏ గుర్తు పెట్టాలి?
నీ కథలోని తెగలో గాయపడ్డ యోధులకి విరిగిన కత్తి గుర్తు పెడితే ఓడిపోయినవాళ్లలా కనిపిస్తున్నారు అన్నావు కదా, నిజమే, అది తీసెయ్ బ్రో. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో అనుకో, బ్రిటిష్ ఆర్మీ గాయపడ్డ సైనికుల ఎడమ స్లీవ్ మీద నిలువుగా చిన్న బంగారు రంగు పట్టీ కుట్టించింది, గాయపడ్డ ప్రతిసారికీ ఒక్కోటి, బొమ్మ లేదు ఏం లేదు, అయినా చూడగానే తెలిసిపోయేది. 1918లో జర్మనీ గాయపడ్డ సైనికులకి ఇచ్చిన బ్యాడ్జ్‌కి గాయాలు పెరిగేకొద్దీ రంగు మారేది, నలుపు, వెండి, బంగారం.

నీ తెగకి డాలు పట్టే చేతికి తోలు పట్టీ పెట్టు, గాయానికో ఎర్ర గీత. అది ఎవరికి వాళ్లు వేసుకోకూడదు, పక్కన నిలబడి పోరాడినవాడే వెయ్యాలి, అప్పుడు దొంగ గీతలుండవు, పైగా ఆ సాక్షి చనిపోతే ఎవరు వేస్తారు అన్నదాంట్లోనే నీకు చాలా మంచి సీన్ ఉంది. చెయ్యే పోయినవాళ్లకి మాత్రం ఆ పట్టీ మెడలో వెయ్యి.