పెన్సిల్ పక్క గదిలో పెట్టి రండి

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. గుంటూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. డిగ్రీ అయ్యాక గ్రూప్-2 మూడుసార్లు రాశాను, రాలేదు. గ్రూప్-4లో ఈ ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంట్ టెస్టులు. అవన్నీ అయ్యేసరికి పుస్తకం ముట్టుకుంటేనే తలనొప్పి వచ్చేది. చాలా ఏళ్ళు పేపర్ తప్ప ఏమీ చదవలేదు. మొన్న వేసవిలో తెనాలిలో మా పుట్టింటికి వెల్ల వేయిస్తుంటే అటక మీద పాత చందమామల బైండ్లు బయటపడ్డాయి. నా ఏడో తరగతిలో 'పరీక్షలయ్యాక ఇస్తా' అని నాన్న పైన పెట్టినవే. తెచ్చుకున్నాను. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ముప్పావుగంట చదువుతున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక సీరియల్లో వీరుణ్ణి మాంత్రికుడు గుహలో బంధించిన చోట రెండు సంచికలు లేవు, అదొక్కటే బాధ. కానీ మావారు 'మా ఆవిడ ఈ వయసులో రాకుమారుల్లో పడింది' అని చుట్టాల ముందు కూడా నవ్వుతారు. 'ఆ టైంలో లలితా సహస్రనామం చదువుకోవచ్చుగా' అంటారు అత్తయ్య. సిగ్గేసి ఆఫీసు ఫైల్లో పెట్టుకుని చదువుతున్నాను. ఇంటర్ ఫస్టియర్ చదివే మా అమ్మాయి ఒక బైండు తీసుకుంటే, ఎంసెట్ అయ్యాక చదువుదువుగాని అని లాక్కున్నాను. ఇంకో సంగతి, నవ్వకండి. కథలు చదువుతూ పేర్ల కింద పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాను. నేను జీవితం నుంచి పారిపోతున్నానా?

జవాబు: నవ్వలేదండీ. మీ ఉత్తరంలో నేను ముందు పట్టుకున్నది ఆ పెన్సిల్‌నే.

మాంత్రికుడి పేరు, కోట ఉన్న కొండ పేరు, రాకుమారుడి గుర్రం రంగు. ఇవేవీ రేపు పేపర్లో బిట్లుగా రావని మీకు తెలుసు. మీ చేతికే ఇంకా తెలీదు. తెలుగు అకాడమీ పుస్తకాల్లో తేదీల కింద, ఆ తర్వాత సర్వీసు రూల్సు కింద ఏళ్ళ తరబడి గీతలు గీసిన చెయ్యి అది. ఎదురుగా పుస్తకం తెరిచి ఉందంటే ఎవరో ప్రశ్న అడగబోతున్నారన్నది దాని లెక్క. మీ తలనొప్పి పుస్తకాల వల్ల వచ్చిందని నేననుకోను. ఆ అడగబోయే మనిషి వల్ల వచ్చింది.

అసలు మన మాటల్లోనే ఈ తిరకాసు ఉంది. 'ఏం చదువుతున్నావు?' అని పిల్లవాణ్ణి అడిగితే ఎంపీసీ అనో బైపీసీ అనో చెప్తాడు గానీ చేతిలో ఉన్న కథ పేరు చెప్పడు. కథ చదివే పిల్లని 'ఆ పుస్తకం పక్కన పడేసి చదువుకో' అంటాం. అంటే కథ చదవడం చదవడం కిందకే రాదన్నమాట! మీరు ఈ మాటల మధ్యే పెరిగారు, మీవారూ పెరిగారు. సైకాలజీలో ఎమ్మే చేసే రోజుల్లో నోట్సు కింద నవల దాచుకుని చదివిన దాన్ని నేనూ.

ఇక పారిపోవడం గురించి. నిజంగా పారిపోతున్న వాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి తిరిగి రావాలని ఉండదు. మీరేమో వంటిల్లు సర్దుకుని కూర్చుంటున్నారు, ముప్పావుగంటకి లేస్తున్నారు, పొద్దున్నే బాక్సు కట్టుకుని ఆఫీసుకి వెళ్తున్నారు. నిద్ర చెడుతున్నా, మనుషులతో మాట్లాడబుద్ధి కాకపోతున్నా, పుస్తకం మూయగానే దిగులు ముంచుకొస్తున్నా నాకు మళ్ళీ రాయండి, దగ్గర్లో డాక్టర్ని కూడా కలవండి. అప్పుడు మనం మాట్లాడుకోవాల్సింది వేరే ఉంటుంది. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ నాకు కనబడలేదు. రోజూ ముప్పావుగంట ఫోన్లో రీల్స్ చూసేవాళ్ళెవరూ నాకు ఈ ప్రశ్న రాయలేదు, విచిత్రంగా.

ఈ కథలు ఈ వయసులో చదవచ్చా అన్న అనుమానం మీవారిది మాత్రమే కాదు, మీలోనూ ఉంది. అందుకే ఆ ఫైలు. మీది తెనాలి అన్నారు కాబట్టి చెప్తాను. 1947లో నాగిరెడ్డితో కలిసి చందమామ మొదలుపెట్టిన చక్రపాణిదీ, దానికి చాలాకాలం సంపాదకత్వం చేసిన కొడవటిగంటి కుటుంబరావుదీ మీ ఊరే. కుటుంబరావు మధ్యతరగతి సంసారాల లోగుట్టు నిక్కచ్చిగా రాసిన మనిషి. 'చదువు' అనే పేరుతో నవలే రాశారు. అలాంటి ఆయన 1952 నుంచి 1980లో పోయేదాకా మాంత్రికులూ భేతాళులూ తిరిగే పత్రికకి వాక్యాలు దిద్దుతూ కూర్చున్నారు. ఆయనకి లేని సిగ్గు మీకెందుకు?

భేతాళుడి చట్రం ఇంకా పాతది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. ఆ పుస్తకానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు. గుణాఢ్యుడు పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాలు రాసి శాతవాహన రాజుకి పంపితే ఆయన చులకన చేసి తిప్పి పంపాడట. మనసు విరిగిన గుణాఢ్యుడు అడవిలో నిప్పు రాజేసి, ఒక్కో ఆకు పైకి చదివి మంటలో వేయడం మొదలుపెట్టాడు. లేళ్ళూ పందులూ దున్నలూ చుట్టూ చేరి, మేత మానేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నాయి. అవతల రాజుగారికి జబ్బు చేసింది. వైద్యులు చూసి, తింటున్న మాంసంలో సారం లేదన్నారు. వేటగాళ్ళని పిలిచి అడిగితే, అడవిలో ఒకాయన ఏదో చదువుతున్నాడు, జంతువులు గడ్డి ముట్టడం లేదు అని చెప్పారు. రాజు పరిగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షలు కాలిపోయి ఒక్క లక్ష మిగిలింది. కథే లెండి. నాకు మాత్రం మీ ఉత్తరం చదువుతుంటే ఆ లేళ్ళే గుర్తొచ్చాయి. వాటి దగ్గర పెన్సిళ్ళు లేవు.

కాబట్టి ఈ రాత్రి పెన్సిల్ పక్క గదిలో పెట్టి వచ్చి కూర్చోండి. కొన్నాళ్ళు చెయ్యి వెతుక్కుంటుంది, వెతుక్కోనివ్వండి. పేర్లు మర్చిపోతే పోనీయండి. నచ్చని కథ సగంలో వదిలేయండి, నచ్చిన పేజీ మూడుసార్లు చదవండి. అన్నట్టు, భేతాళుడి ప్రశ్న తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, సరిగ్గా చెప్తే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. మూడుసార్లు గ్రూప్-2 రాసిన మనిషికి అర్థమైనంతగా ఇందులో హాస్యం ఇంకెవరికి అర్థమవుతుంది!

మీవారికి మాత్రం కుటుంబరావు గురించి, గుణాఢ్యుడి గురించి చెప్పబోకండి. ఆయన ఇంకా నవ్వుతారు. మీకు గుచ్చుకున్నది రాకుమారుల మాట కాదు, చుట్టాల ముందు అనడం. అదొక్కటీ విడిగా, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. "ఏమండీ, ఇంట్లో ఎంతైనా ఏడిపించండి, నలుగురిలో వద్దు. నాకు చిన్నతనంగా ఉంటోంది." అంతే. వెనకాల సంజాయిషీ తగిలించకండి. ఆఫీసు ఫైలు బీరువాలో పెట్టేసి, హాల్లో అందరూ టీవీ చూసే చోటే బైండు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. దాచి చేసే పని ఏదైనా తప్పుపని లాగే కనిపిస్తుంది.

అత్తయ్యగారితో వాదన వద్దు. ఆవిడ చిన్నప్పుడు విన్న పేదరాశి పెద్దమ్మ కథ ఒకటి చెప్పమనండి. ముందు 'నాకేం గుర్తున్నాయమ్మా' అంటారు, మొదలుపెట్టాక ఆపడం కష్టం.

అమ్మాయి విషయంలో మాత్రం నేను మీ పక్షాన లేను. ముప్ఫై ఏళ్ళ కిందట మీ నాన్నగారు 'పరీక్షలయ్యాక' అన్నారు. ఏడో తరగతి కామన్ పరీక్ష అయింది, టెన్త్ వచ్చింది. టెన్త్ అయింది, ఇంటర్ వచ్చింది. తర్వాత డిగ్రీ, గ్రూప్-2, మళ్ళీ గ్రూప్-2, ఇంకోసారి గ్రూప్-2, గ్రూప్-4, డిపార్ట్‌మెంట్ టెస్టులు. ఆయన దాచిన బైండ్లు మీ చేతికొచ్చేసరికి మీకు నలభై దాటాయి. ఇప్పుడు ఆ బైండునే పట్టుకుని, ఆ మాటే మీ అమ్మాయితో అన్నారు. ఎంసెట్ అయ్యాక ఇంజినీరింగ్, ఆ తర్వాత ప్లేస్‌మెంట్లు, ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు. మీ ఇంటి అటక కూడా గట్టిదే అనుకుంటా.

నాన్నగారి మీద కోపం తెచ్చుకోమనడం లేదు. ఆయన వాటిని అటకెక్కించారు గానీ తూకానికి వేయలేదు. మీరూ చెడ్డ ఉద్దేశంతో లాక్కోలేదు. అయినా ఇవాళే తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు 'తెలుగు బాగుపడుతుంది', 'కాన్సంట్రేషన్ పెరుగుతుంది' లాంటివి కలపకండి. లాభం చెప్పారంటే అదీ సిలబస్ అయి కూర్చుంటుంది. 'లాక్కున్నాను, తప్పైంది, ఇదిగో' అని బల్ల మీద పెట్టి వచ్చేయండి. చదివిందా లేదా అని అడక్కండి. పక్కన పెట్టేస్తే పెట్టేయనివ్వండి. ఒక్కో కథకి పది నిమిషాలు కూడా పట్టదు, ఎంసెట్ ఎక్కడికీ పోదు.

ఇక ఆ లేని రెండు సంచికలు. వెతికితే పాత చందమామలు దాచుకున్నవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. ఆ వెతుకులాట మొదలుపెట్టే ముందు ఒకసారి తెనాలికి ఫోన్ చేయండి. 'గుహలోంచి వాడు ఎలా బయటపడ్డాడు నాన్నా?' అని అడగండి. గుర్తుంటే చెప్తారు. గుర్తు లేకపోతే అప్పటికప్పుడు కల్పించైనా చెప్తారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి, అమ్మాయి పక్క గదిలోనే ఉంటుంది కదా.