సర్పంచ్‌గా నామినేషన్ వెయ్యొద్దని బెదిరిస్తున్నారు, ఏం చెయ్యాలి?

నాగావళి ఇసుక దందా నడిపేవాళ్లు "ఈసారి ఏకగ్రీవమే, ఎవరూ పోటీకి దిగొద్దు" అంటున్నారని రాశారు. శ్రీకాకుళం జిల్లా పంచాయతీల్లో ఇలాంటివి దగ్గరగా ఎరిగినవాడిగా చెబుతున్నాను.

పోలింగ్ రోజు కర్రలు అందరికీ కనిపిస్తాయి. అసలు దెబ్బ నామినేషన్లప్పుడే పడుతుంది. బరిలో ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు, ఇక రిగ్గింగుతో పనేముంది? పంచాయతీ గుప్పిట్లో ఉంటే రాత్రి ట్రాక్టర్లను అడ్డుకునేవాడు ఊళ్లో ఉండడు. వాళ్ల పట్టుదలంతా అందుకే.

కబురు రౌడీ తేడు. మీ మేనమామో, బావో వస్తాడు: "పిల్లలు గలవాడివి, నీకెందుకురా ఈ గొడవ?" వినకపోతే గడ్డిమేటు తగలబడుతుంది, బోరు మోటారు వైరు తెగుతుంది, జీడితోటలో చెట్లు నరికేస్తారు. మీరు లొంగకపోతే మిమ్మల్ని ప్రతిపాదించినవాడి మీద పడతారు. నామినేషన్ల పరిశీలన రోజున అతని చేత "ఆ సంతకం నాది కాదు" అనిపిస్తే మీ నామినేషన్ పోయినట్టే. అందుకే వాళ్ల దగ్గర కూలికి వెళ్లనివాడిని, అప్పు లేనివాడిని ప్రతిపాదకుడిగా ఎంచుకోండి. నామినేషన్ ఇచ్చేటప్పుడు వెంటబెట్టుకెళ్లండి. ఇంట్లో ఇంకొకరి చేత, వేరే ప్రతిపాదకుడితో, డమ్మీ (మీది పోయినా బరిలో ఉండేలా ఇంకో నామినేషన్) వేయించండి. ఖాళీ కాగితం మీద ఎవరికీ సంతకం పెట్టొద్దు, ఉపసంహరణ ఫారం అలాగే పుడుతుంది. నేనే స్వయంగా వస్తే తప్ప ఉపసంహరణ తీసుకోవద్దని రిటర్నింగ్ అధికారికి రాసిచ్చి రసీదు తీసుకోండి.

ఫిర్యాదులో పేరు, తేదీ, సమయం, అన్న మాట అన్నట్టే రాయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) కింద ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అదే చట్టం సెక్షన్ 126 కింద వాళ్లను బైండోవర్ (గొడవకు దిగబోమని పూచీకత్తు రాయించుకోవడం) చెయ్యమని కూడా అడగండి. తహసీల్దారు ముందు ఏడాది వరకూ బాండు రాయించుకోవచ్చు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: మీ కుర్రాళ్లు ఒక్క రాయి విసిరినా అది "ఇరువర్గాల ఘర్షణ" అయిపోతుంది, మీ పేరూ బైండోవర్‌లోకి ఎక్కుతుంది. మనుషుల్ని పోగెయ్యొద్దు.

ఎన్నికల అక్రమాలపై ఫిర్యాదు చేసే సీవిజిల్ యాప్ అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకే. పంచాయతీకైతే కలెక్టరుకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాయాలి.

పోలింగ్ దాకా వెళ్లి, మీవాళ్ల ఓటు ముందే ఎవరో వేసేశారంటే వెనక్కి రానివ్వొద్దు, టెండర్డ్ బ్యాలెట్ (అలాంటి ఓటరుకు విడిగా ఇచ్చే బ్యాలెట్ పత్రం) అడగమనండి. అది లెక్కింపులో కలవదు. కానీ రేపు ఎన్నికల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేస్తే దొంగఓటు పడిందనడానికి ఆధారంగా నిలిచే కాగితం అదే.