ఫోర్స్ అని టైప్ చేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

డిస్క్ కనబడటం లేదని నువ్వు పంపిన ఎర్రర్ ఫోటో చూశాను. స్క్రీన్‌లో చివరి రెండు లైన్లే పడ్డాయి. చివరి లైను చాలాసార్లు ఏడుపే, దెబ్బ ఎక్కడ తగిలిందో దానికి చాలా పైన ఉంటుంది. ఈసారి మెసేజ్ మొత్తం కాపీ చేసి పంపు. అదే సమయంలో కెర్నెల్ లాగ్‌లో (లినక్స్ తన లోపల జరిగేది రాసుకునే చిట్టాలో) ఏం పడిందో కూడా కావాలి.

కనబడినంతలో, ఫలానా యూయూఐడీ (డిస్క్ గుర్తింపు సంఖ్య) ఉన్న డివైజ్ దొరకలేదు అంటోంది ఎల్‌వీఎం, అంటే డిస్క్‌లని ఒక గ్రూప్‌గా కలిపి అందులోంచి వాల్యూమ్‌లనే భాగాలు చేసిచ్చే లినక్స్ ఏర్పాటు. దొరకలేదంది గానీ చచ్చిపోయిందని అనలేదు. ఈ తేడా నాకు చెయ్యి కాలాక తెలిసింది. కొత్తలో ఇదే మెసేజ్ చూసి డిస్క్ పోయిందనుకున్నాను. వీజీరెడ్యూస్ కమాండ్‌తో ఆ డిస్క్‌ని గ్రూప్ నుంచి తీసెయ్యబోతే, దాని మీద వాల్యూమ్‌లు ఉన్నాయి, తియ్యను పొమ్మంది. టెన్షన్‌లో, వద్దన్నా చేసెయ్యమనే ఫోర్స్ ఆప్షన్ తగిలించాను. డిస్క్‌తో పాటు దాని మీదున్న వాల్యూమ్‌లూ లిస్ట్ నుంచి ఎగిరిపోయాయి. మర్నాడు క్యాబినెట్ విప్పితే ఏముంది, కేబుల్ వదులైంది, అంతే!

అదృష్టం ఏమిటంటే, ఎల్‌వీఎం ప్రతి మార్పుకూ ముందు పాత మెటాడేటాని (ఏ వాల్యూమ్ ఎక్కడుందో చెప్పే పట్టికని) ఈటీసీ అనే సెట్టింగ్‌ల ఫోల్డర్ కింద తన ఆర్కైవ్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. చెరిగింది పట్టికే, డేటా డిస్క్ మీదే ఉంది. ఆ కాపీతో పట్టికని మళ్ళీ నిలబెట్టాను. మధ్యలో ఎవరైనా ఆ ఖాళీలో కొత్త వాల్యూమ్ చేసి రాసి ఉంటే మాత్రం నా పని అయిపోయేది. కాబట్టి నువ్వు ఇవాళే ఆ ఫోల్డర్‌ని వేరే మెషీన్‌లోకి కాపీ చేసి పెట్టుకో.

తర్వాత కేబుల్ చూడు. డిస్క్ కనబడగానే స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కలు) తియ్యి. 199వ నంబర్ సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన లెక్క) పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దే. ఆ లెక్క మళ్ళీ సున్నాకి రాదు, అందుకని పాత అంకె చూసి భయపడకు, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. 5, 197 నంబర్లు (డిస్క్ మీద చెడిన, చెడిందని అనుమానమున్న చోట్ల లెక్కలు) పెరుగుతుంటే డిస్క్‌కే జబ్బు. అప్పుడు రిపేర్ టూల్ జోలికి వెళ్ళకు. లినక్స్‌లో ఎఫ్ఎస్‌సీకే అయినా విండోస్‌లో చెక్‌డిస్క్ అయినా, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ని పరుగెత్తించినట్టే. ముందు డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో ఇంకో డిస్క్ మీదకి కాపీ తీసి, ఆ కాపీ మీద నీ ప్రయోగాలు చేసుకో. విండోస్ ‘ఫార్మాట్ చేస్తేనే వాడగలరు’ అని అడిగినా క్యాన్సిల్ కొట్టు. ఫైల్ సిస్టమ్ తనకు అర్థం కాకపోయినా అది ఆ మాటే అంటుంది.

చోటు లేదనే ఎర్రర్ గురించి కూడా అడిగావు కదా. 100 జీబీ డిస్క్ పెట్టి సరిగ్గా 100 జీబీ వాల్యూమ్ అడిగితే, 25,600 ఎక్స్‌టెంట్లు కావాలి, 25,599 ఉన్నాయి అంటుంది. ఎక్స్‌టెంట్ అంటే మామూలుగా 4 ఎంబీ ముక్క. మొదట్లో మెటాడేటాకి కొంచెం చోటు పోవడంతో ఒక ముక్క తగ్గింది. సైజు అంకెల్లో ఇవ్వకుండా ఉన్న ఖాళీలో నూరు శాతం అని ఇస్తే సరిపోతుంది. ఖాళీ ఎంతుందో చూపించే డీఎఫ్ కమాండ్‌లో చోటు కనబడుతున్నా చోటు లేదంటుంటే ఐనోడ్‌లు (ఫైలుకొకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయాయేమో చూడు, చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో పేరుకున్న చోట ఇది మామూలే. ఫైల్ డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదంటే ఏదో ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తే వదులుతుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉన్న వాల్యూమ్‌ని కుదించే ఆలోచన మానుకో. అది పెరగడమే గానీ మామూలుగా తగ్గడం ఉండదు, తగ్గించాలంటే బ్యాకప్ తీసి కొత్తగా చేసుకోవాల్సిందే.

కేబుల్ చూశాక డిస్క్‌లని, వాల్యూమ్‌లని చూపించే పీవీఎస్, ఎల్‌వీఎస్ కమాండ్లు ఏం చూపిస్తున్నాయో పంపు. ఫోర్స్ అని టైప్ చెయ్యాలనిపిస్తే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

మీ మామయ్య