ఫోన్ పోయింది, ఆథెంటికేటర్ కోడ్లు లేవు. జీమెయిల్, గిట్‌హబ్ మళ్లీ తెరవడం ఎలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: బస్సులో ఫోన్ కొట్టేశారు. అదే నంబర్‌కి డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు. కొత్త ఫోన్లో గూగుల్ ఆథెంటికేటర్ (లాగిన్ కోడ్లు చూపించే యాప్) వేస్తే లోపల ఒక్క కోడ్ కూడా లేదు. పాస్‌వర్డ్లు గుర్తున్నా జీమెయిల్, గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములు దాచుకునే సైట్) రెండూ కోడ్ అడిగే చోట ఆగిపోతున్నాయి. నంబర్ వెనక్కి వచ్చింది కదా, కోడ్లు ఎందుకు రావు అని అడిగారు.

ఆ కోడ్లకీ మీ నంబర్‌కీ సంబంధం లేదండీ. అప్పట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య కీ పాత ఫోన్లోకి చేరింది. ఆ కీని, అప్పటి టైమ్‌ని కలిపి లెక్క కట్టి యాప్ 30 సెకన్లకోసారి ఆరంకెల కోడ్ చూపిస్తుంది. నెట్ లేకపోయినా, సిమ్ తీసేసినా అది పనిచేసేది అందుకే. ఫోన్‌తోపాటు కీ కూడా పోయింది. అయితే 2023 ఏప్రిల్‌లో ఈ యాప్‌కి గూగుల్ అకౌంట్‌తో సింక్ అయ్యే సౌకర్యం వచ్చింది. పాత ఫోన్లో మీరు యాప్‌లోకి సైన్ ఇన్ అయి ఉంటే, కొత్త ఫోన్లో అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అవగానే కోడ్లన్నీ దిగిపోతాయి. చిక్కల్లా ఆ అకౌంటే తెరుచుకోకపోవడం. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. కాబట్టి గిట్‌హబ్‌ని కాసేపు మర్చిపోండి, ముందు జీమెయిల్ పట్టుకోండి.

నా ఫోన్‌ని గోదావరి తీసుకుంది. పాపికొండలు చూడ్డానికి వెళ్లి లాంచీలోంచి ఫోటో తీస్తుంటే చెయ్యి జారింది. దొంగ భయం లేదు గానీ మిగతాదంతా మీ కథే. మొదటి టెన్షన్ సిమ్ దగ్గరే వచ్చింది. కాల్స్ వెళ్తున్నాయి, వస్తున్నాయి, ఎస్సెమ్మెస్ మాత్రం ఒక్కటీ లేదు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, పోకుండా ఆపి ఉంచుతారు. ఎవడో మన పేరు మీద సిమ్ తీసుకుని ఓటీపీలు లాగేయకుండా పెట్టిన నిబంధన అది, మంచిదే. సిమ్ ఇచ్చే దగ్గర ఆ ముక్క చెబితే ఇంకా బాగుండేది. ఆ లోపు ‘రీసెండ్ ఓటీపీ’ నొక్కుతూ కూర్చోకండి, కొన్ని సైట్లు విసుగెత్తి కాసేపు లాక్ చేసేస్తాయి. ఎస్సెమ్మెస్ బదులు కాల్ చేసి కోడ్ చెప్పే ఆప్షన్ కనిపిస్తే వాడుకోండి, కాల్స్‌కి ఆ అడ్డు లేదు. యూపీఐ యాప్ రిజిస్టర్ అవ్వాలంటే మీ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి కాబట్టి ఆ రోజుకి అదీ లేనట్టే, జేబులో నగదు ఉంచుకోండి.

ఈలోగా మీ జీమెయిల్ ఇంకా ఎక్కడైనా తెరిచి ఉందేమో వెతకండి. ఆఫీసు లాప్‌టాప్, ఇంట్లో పాత కంప్యూటర్, పిల్లలు ఆడుకునే ట్యాబ్, ఏదైనా సరే. నాకు దారి దొరికింది అలాగే. మా ఇంట్లో మూలన పడున్న లాప్‌టాప్‌లో ఎప్పుడో ‘ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు’ అని టిక్ పెట్టి ఉండటంతో పాస్‌వర్డ్ ఒక్కటే అడిగింది. అలాంటిది దొరికితే దాంట్లో లాగౌట్ కావొద్దు, కుకీలు చెరపొద్దు. ‘ముందు అన్నిచోట్లా లాగౌట్ చేసెయ్’ అని చెప్పే చుట్టం ఒకరు ఎలాగూ ఉంటారు, ఆ మాట ఇప్పుడు వినకండి. పోయిన ఫోన్ ఒక్కదాన్నే పరికరాల జాబితాలోంచి సైన్ అవుట్ చేయండి. తర్వాత సెక్యూరిటీ సెట్టింగుల్లో ఆథెంటికేటర్ యాప్ మార్చే చోటికి వెళ్లి, వచ్చిన కొత్త క్యూఆర్ కోడ్‌ని కొత్త ఫోన్‌తో స్కాన్ చేయండి. దాంతో పాత కీ చెల్లకుండా పోతుంది. అక్కడే పది బ్యాకప్ కోడ్లు ఇస్తారు. ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టుకోండి, ఫోన్లో స్క్రీన్‌షాట్‌గా కాదు.

ఎక్కడా తెరిచి లేకపోతే గూగుల్ అకౌంట్ రికవరీ ఫారమే గతి. మీరు రోజూ వాడే కంప్యూటర్, రోజూ కూర్చునే చోటు, అదే బ్రౌజర్ నుంచి నింపండి. స్నేహితుడి ఫోన్ నుంచో నెట్ సెంటర్ నుంచో చేస్తే వాళ్లకి మీరు కొత్త మనిషిలా కనిపిస్తారు. పాత పాస్‌వర్డ్ అడిగితే గుర్తున్నది ఇవ్వండి, వదిలేయడం కంటే ఊహించి రాయడం మేలు. జవాబుకి కొన్ని గంటలు పట్టొచ్చు, కొన్ని రోజులూ పట్టొచ్చు. ఫోన్ చేసి తెరిపించుకునే కస్టమర్ కేర్ ఏదీ లేదు. సెర్చ్‌లో కనిపించే ‘జీమెయిల్ హెల్ప్‌లైన్’ నంబర్లు, టెలిగ్రామ్‌లో పలకరించే రికవరీ నిపుణులు మోసగాళ్లే. డబ్బు పోతే ఫోన్ చేయాల్సిన సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబర్ 1930.

జీమెయిల్ వచ్చాక గిట్‌హబ్. అక్కడ సపోర్ట్‌కి ఎంత బతిమాలుతూ రాసినా టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగే పద్ధతి) తీసేయరు. సెట్ చేసిన రోజున 16 రికవరీ కోడ్లు టెక్స్ట్ ఫైల్‌గా డౌన్‌లోడ్ అయి ఉంటాయి. అప్పట్లో వాడిన కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి రికవరీ అని వెతకండి. నాది అక్కడే దొరికింది, పెళ్లి కార్డుల పీడీఎఫ్‌ల మధ్య. దొరక్కపోతే కోడ్ అడిగే పేజీలోనే రికవరీ లింకు ఉంటుంది. మెయిల్‌కి ఓటీపీ వస్తుంది, అందుకే జీమెయిల్ ముందు అన్నాను. ఆ తర్వాత ఇంతకుముందు లాగిన్ అయిన కంప్యూటర్, ఎస్ఎస్‌హెచ్ కీ (కంప్యూటర్‌లో ఉండే గుర్తింపు ఫైల్), పర్సనల్ యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే పొడవాటి కోడ్) వీటిలో ఒకటి చూపించాలి. పరిశీలనకి మూడు పనిదినాల దాకా పట్టొచ్చు. ఇవేవీ లేకపోతే ఆ అకౌంట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మీ మెయిల్‌ని దాన్నుంచి విడదీసి కొత్త అకౌంట్‌కి వాడుకునే వీలు మాత్రం ఇస్తారు.

మీది దొంగతనం కాబట్టి పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో ప్రభుత్వ సంచార్ సాథీ సైట్లో సీఈఐఆర్ (పోయిన ఫోన్లని బ్లాక్ చేసే విభాగం) ద్వారా ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, బ్లాక్ చేయించండి. దానికీ ఓటీపీ కావాలి, కనుక ఆ 24 గంటలు దాటాక మొదలుపెట్టండి. ఐఎంఈఐ నంబర్ ఫోన్ బాక్సు మీద ఉంటుంది. బాక్సు పారేసి ఉంటే కొన్న బిల్లు చూడండి.