గినీ పిగ్‌కి స్నానమా? వాసన ఎక్కడిదో ముందు చూడండి

ప్ర: మా మగ గినీ పిగ్‌కి ఏడాది నిండింది. వారానికోసారి షాంపూతో కడుగుతున్నాం. అయినా మూడో రోజుకే వాసన. వెనకవైపు బొచ్చు జిగురుగా అంటుకుపోతోంది. ఏ షాంపూ మంచిది?

జ: షాంపూ మార్చకండి, మానేయండి. వారం వారం కడిగితే చర్మం మీది సహజమైన నూనె పోయి, పొడిబారి, దురద మొదలవుతుంది. పొట్టి బొచ్చు గినీ పిగ్‌ని ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి ఒళ్లంతా తడపాల్సిన పని పడదు. కొన్నిటికి అదీ అక్కర్లేదు.

ఆ జిగురు మురికి కాదు. తోక మొదలు ఉండాల్సిన చోట (తోక బయటికి కనబడదు లెండి) ఒక జిడ్డు గ్రంథి ఉంటుంది. మగవాటిలో అది ఎక్కువగా ఊరుతుంది. మైనంలాంటి ఆ జిడ్డు నీళ్లకు కదలదు, నూనెకు లొంగుతుంది. పావు చెంచా కొబ్బరినూనె వేలితో అక్కడ రాసి 5 నిమిషాలు ఆగండి. గోధుమరంగు ముద్దలా మెత్తబడ్డాక, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో బొచ్చు వాలిన వైపే మెల్లగా లాగండి. ఎండిన పెచ్చును గోళ్లతో పీకితే చర్మం కూడా లేచి వస్తుంది. ఆ తర్వాత వెనక భాగం ఒక్కటే కడగండి. నెలకోసారి చూసుకుంటే చాలు. అప్పటికీ వాసన వస్తుంటే గూట్లో పరిచిన పక్కను వాసన చూడండి. తడిసిన పక్కదే ఆ తప్పు అయ్యుంటుంది.

ప్ర: కడగక తప్పనప్పుడు ఎలా కడగాలి? మాది టబ్బులో పెట్టగానే కీచుమంటూ జారిపోతుంది.

జ: జారడం వల్లే సగం భయం. అడుగున తువ్వాలు పరవండి. గోరువెచ్చని నీళ్లు 2–3 సెంటీమీటర్ల లోతు చాలు. మణికట్టు మీద పోసుకుంటే వేడీ చలీ తెలియకూడదు. కుళాయి ధార కింద పెట్టొద్దు. చిన్న గిన్నెతో వెనకనుంచి మెడ దాకా పోయండి, తల తడపొద్దు. చెవుల్లోకి నీళ్లు పోతే ఇంకో తంటా.

షాంపూ గినీ పిగ్‌లకు పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్నదే, అదీ బఠాణీ గింజంత. కుక్కల పేలు, పిడుదుల షాంపూ జోలికి పోవద్దు. నురగ మిగిలితే నాకి మింగుతుంది కాబట్టి రెండుసార్లు కడగండి.

ఎక్కువ మంది తప్పు చేసేది ఆరబెట్టడంలో. పైన ఆరినట్టే ఉంటుంది, పొట్ట కింద వేలితో పాయ తీస్తే తడి తగులుతుంది. తువ్వాలు మార్చి మార్చి అద్దండి. డ్రయర్ వాడితే అతి తక్కువ వేడిలో, మధ్యలో మీ అరచెయ్యి అడ్డం పెట్టి. పూర్తిగా ఆరాకే గూట్లోకి పంపండి. చూలుతో ఉన్నదాన్నీ, జబ్బుపడ్డదాన్నీ స్నానం పేరుతో కంగారు పెట్టొద్దు.

ప్ర: పొడవు బొచ్చు చిక్కులు పడింది. నానబెడితే విడుతుందా?

జ: తడిస్తే ఇంకా బిగుస్తుంది. పొడిగా ఉన్నప్పుడే చిక్కు మొదట్లో వేళ్లతో పట్టుకుని, చివర్లనుంచి పైకి దువ్వండి. విడకపోతే చర్మానికీ చిక్కుకీ మధ్య దువ్వెన దూర్చి, దాని పైన కత్తిరించండి. వెనకవైపు బొచ్చు నేలకు తగలకుండా కురచగా ఉంచితే మూత్రంతో తడవదు. రోజూ దువ్వడం తప్పదు.

ప్ర: గోళ్లు నల్లగా ఉన్నాయి. ఎంత వరకు కత్తిరించాలి?

జ: ముందు కాలికి 4, వెనక కాలికి 3, మొత్తం 14 గోళ్లు. అడుగునుంచి టార్చి వేస్తే లోపలి రక్తనాళం నీడలా కనిపిస్తుంది. దానికి 2 మిల్లీమీటర్లు ఇవతలే ఆపండి. కనబడకపోతే కొన మాత్రం తీయండి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది 2–3 నిమిషాలు నొక్కి పట్టండి. ఒక్క రోజులో 14 గోళ్లూ అయిపోవాలన్న పంతం వద్దు. ముందు పాదాల పక్కన ఆనెలా పెరిగేది గోరు కాదు, దాన్ని గోరులా కత్తిరించొద్దు.

ప్ర: బాగా గోక్కుంటోంది, బొచ్చు ఊడుతోంది. స్నానంతో తగ్గుతుందా?

జ: తగ్గదు. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది ట్రిక్సాకారస్ కేవియే అనే గజ్జి పురుగుని. అది చర్మం లోపల సొరంగాలు తవ్వుకుని ఉంటుంది, నీళ్లూ షాంపూ అక్కడికి చేరవు. ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. పశువైద్యులు బరువు తూచి ఐవర్‌మెక్టిన్ లేదా సెలమెక్టిన్ ఇస్తారు, మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అదే గూట్లో ఉన్న జతదానికీ మందు పడాలి. గుండ్రటి పొలుసుల మచ్చలుంటే తామర కావచ్చు. అది మనుషులకూ అంటుకుంటుంది, చేతులకు తొడుగులు వేసుకునే పట్టుకోండి.

ప్ర: చించిలాలకు (ఇవీ ఎలుకల కోవకు చెందిన బొచ్చు జంతువులే) ఇచ్చే దుమ్ము స్నానం, అంటే మెత్తటి దుమ్ములో పొర్లించడం, వీటికి ఇవ్వచ్చా? కంట్లోంచి తెల్లగా కారుతోంది, అది మురికేనా?

జ: దుమ్ము వద్దు, ఊపిరితిత్తులకు చేటు. ఆ తెల్లటి చుక్క మాత్రం మురికి కాదు. పాలలాంటి ఆ ద్రవాన్ని ముందు కాళ్లతో మొహానికి పులుముకుని అదే శుభ్రం చేసుకుంటుంది. క్షణాల్లో అయిపోతే సహజమే. రోజంతా కారినా, రెప్పల చుట్టూ పొక్కు కట్టినా డాక్టరుకు చూపించండి.